రెబ్కా పెట్టిన తిండి

మా మరదలు రెబ్కా మాటకు నెమ్మది. పెళ్ళై వచ్చిన పదేళ్ళలో ఆమె గొంతు పైకి విన్నది చర్చిలో పాటలప్పుడే. నేనేమో బడిపంతులమ్మను. పెళ్ళి చేసుకోలేదు, తమ్ముడింట్లోనే ఉంటాను, ఇంట్లో పెత్తనమంతా నాదే. నా కేక నల్లపాడు స్టేషనులో రైలెక్కేవాళ్ళకు కూడా వినపడుతుందని పిల్లలు చెప్పుకునేవారు. అలాంటి నన్ను ఆ పిల్ల ఒక సాయంత్రం వంటింట్లోంచి బయటికి పంపింది. ఎందుకు పంపిందో చెప్పాలంటే నా తెలివితక్కువతనం కూడా బయటపెట్టుకోవాలి. పెట్టుకుంటాను. అప్పుడైతే చచ్చేంత సిగ్గుగా ఉండేది, ఇప్పుడు లేదు.

మా తమ్ముడు ప్రేమదాసు గుంటూరు మిర్చి యార్డులో కాటా మనిషి. బస్తా కాటా మీదికెక్కగానే ముల్లు చూసి తూకం గట్టిగా పలకడం వాడి పని. మనిషి యాభై ఎనిమిది కిలోలు, పచ్చిమిరపకాయ కొరక్కుండా ముద్ద ఎత్తేవాడు కాడు. ఎనభై నాలుగు వానాకాలంలో వాడి కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లే కదా అని నేనే దగ్గరుండి మూడు ఆదివారాలు పసరు పోయించాను. తగ్గకపోగా ఒళ్ళంతా దురద, నడుము పైన నొప్పి మొదలయ్యాయి. చివరికి మా పాస్టరు ఇమ్మానియేలుగారు ఉత్తరం రాసిస్తే రాయవేలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. క్లోమంలో గడ్డ ఉందని, అది క్యాన్సరని అక్కడ చెప్పారు. ఆపరేషనుకు ఏడు గంటలు పట్టింది. అంతసేపూ రెబ్కా వరండాలో గోడకానుకుని నిలబడే ఉంది.

గడ్డ మొత్తం తీసేశామన్నారు. అయినా ఎక్కడైనా విత్తనం మిగిలి ఉండొచ్చు కాబట్టి నెలకు ఐదు రోజుల చొప్పున ఆరు నెలలు ఇంజెక్షన్లు వేయించాలన్నారు. అవి గుంటూరులోనే వేయించుకోవచ్చు. రాయవేలూరు నుంచి బయల్దేరేముందు ఒక నర్సమ్మ రెబ్కాను పక్కన కూర్చోబెట్టుకుని వచ్చీరాని తెలుగులో అన్నీ చెప్పింది. కొంచెం కొంచెంగా రోజుకు ఏడెనిమిదిసార్లు పెట్టాలి. పప్పు, గుడ్డు, చేప పెట్టాలి. కారం వద్దు, నూనె తక్కువ. అరుగుదల మాత్ర ముద్దల మధ్యలో మింగించాలి. ఐదో తరగతితో చదువు మానేసిన రెబ్కా ఒక్కో మాటకూ తల ఊపుతూ వింది. నేనూ ఆ గదిలోనే ఉన్నాను గాని వినలేదు. కోసిన ఒంటికి ఏం పెట్టాలో నాకు ఒకరు నేర్పేదేమిటనుకున్నాను.

కోత పడ్డ ఒంటికి పప్పు పెడితే చీము పడుతుందని మా అమ్మ చెప్పింది. ఆమెకు వాళ్ళమ్మ చెప్పింది. మా వైపు పుండు పడ్డ ప్రతివాడికీ ఇదే పత్యం. నేను బడికి సెలవు పెట్టి పొయ్యి ముందు కూర్చున్నాను. రెండు పూటలా పాతబియ్యం అన్నం, బీరకాయ కూర, మిరియాల చారు. పప్పు, గుడ్డు, పెరుగు లేవు. చేప వాసన కూడా ఇంటికి రానివ్వలేదు.

"వదినగారూ, ఆ నర్సమ్మ పప్పు పెట్టమందండీ" అంది రెబ్కా ఒకరోజు.

"ఆవిడ అరవావిడే. వాళ్ళ ఒళ్ళు వేరు, మన ఒళ్ళు వేరు. చీము పట్టిందంటే మళ్ళీ కొయ్యాల్సొచ్చుద్ది. వాణ్ణి మళ్ళీ ఆ బల్లెక్కిస్తావా?" అన్నాను. పాపం, ఆ మాటకు బెదిరి గిన్నెలు తోముకోవడానికి పోయింది.

సంక్రాంతి దాటాక మొదటి ఇంజెక్షన్లు పడ్డాయి. అప్పటికి వాడు నలభై ఆరు కిలోలు. మందు పడినప్పటినుంచి ఏ వాసన తగిలినా వాంతే. రెబ్కా మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్ళేది. ఆ ఘాటు చీరకు పట్టి ఉండేది కదా, ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే వాడు దగ్గి దగ్గి కక్కేవాడు. అది గమనించి ఆమె పని నుంచి వస్తూ పక్కింటి నసీమున్నీసా దొడ్లో తలస్నానం చేసి, అక్కడ దాచుకున్న చీర కట్టుకుని మరీ ఇంట్లోకి వచ్చేది. జలుబు చేసినా మానలేదు. ఇది చూసి కూడా నాకు ఆ పిల్ల ఎలాంటిదో అర్థం కాలేదు.

రెండో నెల ఇంజెక్షన్లకు వెళ్తే గుంటూరు డాక్టరు హయాత్‌గారు ముందు తూకం చూశారు. నలభై ఒకటి.

"నెలలో ఐదు కిలోలు తగ్గాడు. ఏం పెడుతున్నారమ్మా?" అన్నారు.

"గట్టి పత్యం పెడుతున్నామండీ" అన్నాను నేను, మెడల్ ఇస్తారేమో అన్నంత ధీమాగా.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నలభై రెండు లేకపోతే నేను మందు వెయ్యను. ఇది మామూలు మందు కాదు, బలం లేని మనిషిని తినేస్తుంది. వెయ్యకపోతేనేమో జబ్బు తిరగబెట్టే భయం ఉంది. పదిహేను రోజులు చూస్తాను. ఈలోగా ఇతనికి తిండి పెట్టండి తల్లీ, తిండి!"

ఇంటికి రాగానే నేను అలవాటుగా వంటింటివైపు నడిచాను. రెబ్కా నాకంటే ముందు వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇటు రండి వదినగారూ" అని నా చెయ్యి పట్టుకుని మంచం దగ్గరికి తీసుకెళ్ళి, మొగుడి చొక్కా గుండీలు విప్పింది. పొట్ట మీద అడ్డంగా జానెడు కోత, శుభ్రంగా మానిపోయి ఉంది. "చూడండి. చీమెక్కడుందో చూపించండి."

"అందుకేగా పత్యం..."

"పన్నెండు రోజుల్నించి పెసరకట్టు పోస్తన్నా ఆయనకి. మీరు ప్రార్థనకి పొయ్యొచ్చేలోపు, రోజుకో గ్లాసు. చీము పట్టలా."

"నాకు చెప్పకుండానా?"

"చెప్తే పొయ్యనిచ్చేవాళ్ళా?" అంది. తర్వాత అన్న మాట నేను చచ్చేదాకా మరచిపోను. "పప్పులో మాంసకృత్తులుంటయ్యి, అయ్యి ఒంటికి కండ పట్టిచ్చి పుండు మానుస్తయ్యని అరుగు మీద ప్రైవేటు పిల్లలకి చెప్పేది మీరేగా. లోపల్నించి నేను ఇంటానే ఉంటా. రేపట్నించి వంట నేను చేస్తా. మీరు బడికెళ్ళండి."

పదిహేనేళ్ళుగా ఆ పాఠం చెప్తున్నాను. పప్పుగింజ బొమ్మ గీసి మరీ చెప్తాను. ఆ పాఠం సుద్దముక్కతో పాటు అరుగు మీదే వదిలేసి ఇంట్లోకి వస్తున్నానని అప్పుడు తెలిసింది. తెలిసినంత మాత్రాన ఒప్పుకుంటామా? అద్దంకిలో మా పిన్ని దగ్గరికి పోతానని చీరలు సంచిలో కుక్కుకున్నాను.

మంచం మీద నుంచి తమ్ముడు నీరసంగా పిలిచాడు. "అక్కా, నువ్వెక్కడికీ పోవద్దు. దాన్ని మాత్రం పెట్టనియ్యి."

సంచి దించేశాను.

రెబ్కా పనికి వెళ్ళడం మానేసింది. తెల్లవారగానే రాగిజావ. కాసేపటికి గుడ్డు తెల్లసొన. మళ్ళీ గుజ్జుగా మెదిపిన పప్పన్నం. మధ్యాహ్నం ముళ్ళు తీసిన కొర్రమీను ముక్క, పసుపు ఉప్పు తప్ప ఇంకేమీ వేయకుండా. సాయంత్రం మజ్జిగ, పెసరకట్టు. ఇలా ఎనిమిదిసార్లు. నాలుగు ముద్దలు కాగానే మాత్ర, మళ్ళీ నాలుగు ముద్దలు. వాడు తినలేనిది ఇంట్లో ఎవరూ తినకూడదని కారం డబ్బా తీసుకెళ్ళి నసీమున్నీసాకు ఇచ్చేసింది. ఊరందరి బట్టల్లోనూ మిరపఘాటు ఉండే రోజుల్లో మా ఇంట్లో చప్పిడి పప్పు. నాకు ప్రాణం పోయినంత పనైంది. అయినా కిక్కురుమనలేదు.

ఎనిమిదో రోజు రిక్షాలో వాణ్ణి యార్డుకు తీసుకెళ్ళాం. మాకు తెలిసిన నమ్మకమైన కాటా అదే మరి. వాడి జతగాళ్ళు బుడే, బాజీ పరిగెత్తుకొచ్చారు.

"ఒరేయ్ ప్రేమదాసూ, ఎన్ని బస్తాలెక్కిచ్చావురా దీనిమీదికి! ఇయ్యాల నీ వంతు" అని బుడే వాణ్ణి ఎత్తి కాటా మీద నిలబెట్టాడు. బాజీ ముల్లు చూసి "నలభై నాలుగు!" అని అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. రెబ్కా ఒక్కతే కిందికి చూసింది.

"బుడే అన్నా, కాలు తియ్యి" అంది.

బుడే బొటనవేలు పలక అంచు మీద ఉంది. సంతోషపెడదామని నొక్కాడు, అంతకంటే పాపం ఎరగడు.

"నాకు ఉత్తుత్తి తూకం వద్దన్నా. డాక్టరుగారి కాటా మీద నీ కాలుండదుగా? బస్తాకి తరుగు తీసినట్టు ఆయన బట్టలకి కూడా తరుగు తియ్యండి."

తీశారు. ఇరవై ఏళ్ళు ఊరి పంటకు తూకం పలికిన మా తమ్ముడు తన తూకం తానే పలికాడు. "నలభై ఒకటిన్నర."

ఎనిమిది రోజులకు అర కిలో. ఇంకా వారమే ఉంది. వాడికి ధైర్యం జారిపోయింది. ఆ మర్నాడు పప్పన్నం గిన్నె విసిరి గోడకు కొట్టాడు. "గడ్డి, గడ్డి! పండుమిరపకాయ పచ్చడేసి ఒక్క ముద్ద పెట్టు, తిని చస్తా!" అన్నాడు. నేను వాడి మీదికి లేచాను. రెబ్కా నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, లోపలికి వెళ్ళి ఇంకో గిన్నె తెచ్చింది.

"ఇది రెండోదండీ. మూడోది పొయ్యి మీదుంది. మీ ఇష్టం, ఎన్నయినా కొట్టండి. పెసలు చాలా ఉన్నయ్యి."

వాడు ఆమె వంక చూశాడు. ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. నోరు తెరిచాడు. అంతే, ఆ తర్వాత వారమంతా మారు మాట్లాడకుండా తిన్నాడు. నాలుగో రోజున తనే "ఇంకో రెండు ముద్దలు" అన్నాడు. నేను అరుగు మీద ప్రైవేటు చెప్తూ ఆ మాట విని పాఠం మరచిపోయాను.

పదిహేనో రోజున ఆసుపత్రి కాటా మీద హయాత్‌గారు రెండుసార్లు చూశారు. "నలభై రెండు ముప్పావు. మందు వేద్దాం."

రెబ్కా వరండాలోకి వచ్చి, "నలభై రెండు ముప్పావండీ!" అని అరిచింది. ఎవరితో అంటే, అక్కడ బెంచీల మీద ఉన్న రోగులందరితో. ఎవరో ఏమిటో తెలియకపోయినా వాళ్ళూ నవ్వారు. సూది పొడిపించుకోవడానికి మా తమ్ముడంత సంబరంగా వెళ్ళిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

తర్వాతి ఇంజెక్షన్లు కూడా తేలిగ్గా పోలేదు. జుట్టు పల్చబడింది, నోరు పూసింది, వాంతులు మామూలే. అయినా ఆరూ పూర్తయ్యాయి, తూకం ఏ నెలా నలభై రెండు కిందికి దిగలేదు. నవంబరులో రాయవేలూరులో అన్ని పరీక్షలూ చేసి జబ్బు జాడ లేదన్నారు. ఆ తర్వాతి మిర్చి సీజనుకు ప్రేమదాసు కాటా దగ్గర నిలబడ్డాడు. ఇది రాస్తున్నది ఎనభై తొమ్మిదిలో. ఇప్పుడూ అక్కడే ఉన్నాడు, యాభై మూడు కిలోలు.

రాయవేలూరు నుంచి తిరిగొచ్చిన ఆదివారం మా చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. మేలు పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పడం మాకు ఆనవాయితీ. ప్రేమదాసు లేచి, రెబ్కా వైపు చెయ్యి చూపించి కూర్చున్నాడు. "నువ్వు చెప్పమ్మా రెబ్కా" అన్నారు పాస్టరుగారు. సాక్ష్యమంటే మావాళ్ళు గంటసేపు చెప్తారు. రెబ్కా కొంగు సర్దుకుని లేచింది.

"దేవుడు బతికిచ్చాడండీ. డాక్టర్లు కోశారు. నేను వండాను. ఆయన తిన్నాడు" అంది. కూర్చోబోయి, నా వంక చూసి మళ్ళీ నిలబడింది. "మా వదినగారు అడ్డం తప్పుకున్నారండీ. అందరికంటే కష్టమైన పని ఆవిడదే."

చర్చంతా ఘొల్లున నవ్వింది. నేను అంతమందిలో వెక్కి వెక్కి ఏడ్చాను. నన్ను అంతగా పొగిడినవాళ్ళు అంతకు ముందు ఎవరూ లేరు.