పెద్దల పేర్లు నా నోట్లోనే ఉండిపోయాయి

ఆ రోజు పొద్దున హిందూపురంలోని మా అంగడిలో పరుపు కుడుతున్నాను. కుడిచేతిలోంచి సూది జారింది. తీసుకున్నాను, మళ్ళీ జారింది. మా ఆవిడ ఏదో అడిగితే జవాబు మనసులో ఉంది, నోట్లోకి రాలేదు. ఆసుపత్రికి పోదామంది. వద్దని చేయి విసిరి, అంగడి వెనక పడుకున్నాను. లేచేసరికి మధ్యాహ్నం. మూతి వంకరపోయింది.

సీటీ స్కాన్ చూసి, ఎప్పుడు మొదలైందని డాక్టరు అడిగాడు. "స్ట్రోక్. నాలుగున్నర గంటల్లోపు వచ్చుంటే క్లాట్ కరిగే ఇంజెక్షన్ ఇచ్చి చూసేవాళ్ళం. ఇంతసేపు ఏం చేశారు?" మా ఆవిడ నా వైపు చూసింది. నా మాట పోవడాన్ని అఫేజియా అన్నారు.

మేము దూదేకులవాళ్ళం. ఏటా షబే బరాత్ పండగకు ఇంట్లో సదివింపులు చేస్తాం. వండినవి ముందు పెట్టి, ఇంటి పెద్దకొడుకు ఖురాన్‌లోని ఫాతెహా చదివి, చనిపోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటీ తలుస్తాడు. ఆ పేర్లు ఎక్కడా రాసిలేవు. నాయన నాకు నోటితో నేర్పాడు. నేను ఎవరికీ నేర్పలేదు. ధర్మవరంలో మగ్గం నేసే తమ్ముడు బాషా ఫోన్లో రికార్డు చేసుకుంటానంటే అందరి ముందూ తిట్టాను. కూతురు షాహీన్ అడిగితే, పెళ్ళయి పోయేదానివి నీకెందుకన్నాను. ఆ ఒక్కరోజు ఇంటిల్లిపాదీ నా నోటికోసం ఎదురుచూడటం నాకు ఇష్టం. వేరే కారణం లేదు.

నెల తర్వాత స్పీచ్ థెరపీలో నీళ్ళను నీళ్ళనలేకపోయాను. ఫాతెహా మాత్రం తప్పు లేకుండా వచ్చింది. "బాగా అలవాటైనవి ఒక్కోసారి ముందొస్తాయి" అంది థెరపిస్టు. అయితే పేర్లూ వస్తాయని సంబరపడ్డాను. నాయన పేరు, తాత పేరు వచ్చాయి. ఆపైన తాత పేరే మళ్ళీ మళ్ళీ వచ్చింది. మూడో నెలలో ఫిట్స్ వచ్చి, ఆ రెండు పేర్లతోపాటు ఫాతెహా కూడా పోయింది. అన్నం ప్లేటు గోడకు కొట్టాను.

బాషా చూడటానికొచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"ఏమన్నా, మూటకట్టి పెట్టుకుంటివి గదా. ఇప్పు, చూస్తాం."

కోపంతో లేవబోయి పడ్డాను. ఎత్తి కూర్చోబెట్టింది వాడే. వాడన్నది నిజం కాబట్టే అంత మండింది.

పండగ పదిహేను రోజులుందనగా షాహీన్ నన్ను పెనుకొండలోని నా మేనత్త ఇంటికి తీసుకుపోయింది. అత్తకు ఎనభై దాటాయి. నాయన చదువుతుంటే వంటింటి గడపలో కూర్చుని విన్న పేర్లన్నీ వరుసగా చెప్పింది. షాహీన్ రాసుకుంది. మధ్యలో అత్త ఆగి నన్ను చూసింది.

"మదారమ్మ పేరు సదువుతాండావా లేదా? పోయినేడు నేనాడనే ఉంటి, నాకు ఇనపల్లేదు."

మదారమ్మ నాయనకు మేనత్త. పిల్లల్లేకుండానే పోయింది. అన్నం చల్లారుతుందని, ఎవరడుగుతారులెమ్మని, అట్లాంటివాళ్ళను నలుగురిని ఏళ్ళుగా వదిలేస్తున్నాను. లేదని తల ఊపాను.

"ఆయమ్మకు బిడ్డలు లేరు గదప్పా. మనం తలుచుకోకుంటే ఆయమ్మను ఎవురు తలుస్తారు?"

ఆ నలుగురినీ తుడిచేసింది స్ట్రోక్ కాదు. మాట బాగున్న రోజుల్లో నేనే తుడిచేశాను.

ఈ ఏడు ఫాతెహా బాషా చదివాడు, పేర్లు షాహీన్ చదివింది. ఆడపిల్ల చదవడమేమని ఒక బంధువు గొణిగితే, "నువ్వు సదువు మామా, ఇంటాం" అన్నాడు బాషా. ఆయనకు ఒక్క పేరూ రాదు. షాహీన్ మదారమ్మ పేరు దగ్గరికి వచ్చినప్పుడు నేనూ అనబోయాను. గాలి తప్ప ఏమీ రాలేదు.

ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాను. అంగడి మా ఆవిడ చూసుకుంటోంది. మాట రాకున్నా రాత కొద్దికొద్దిగా తిరిగొస్తోంది. ఇది ఎడమచేత్తో పది రోజులు రాశాను, తప్పులు షాహీన్ దిద్దింది. నా మీద నాకు కోపం తగ్గలేదు. ఏ మతమైనా కానీ, మీ ఇంటి ప్రార్థన మీ ఒక్కరికే తెలిసుంటే ఈ వారమే పిల్లల్ని కూర్చోబెట్టుకోండి. ఒకసారి చెప్పి లేచిపోవద్దు. వాళ్ళ చేత చెప్పించుకుని వినండి. వాళ్ళు ఆగిన చోట అందించడానికి మీకు నోరుండాలి.