బామ్మర్ది బొటనవేలితో కొన్న గొర్రు

ఎద్దుల్ని ఎంచడంలో పులివెందుల చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడని నేనే అందరికీ చెప్పుకునేవాణ్ణి. ఎవరో ఒకరు చెప్పాలి గదా! అట్లాంటి మొనగాణ్ణి, ఒక ఇనుప గొర్రు కొని, దాన్ని ట్రాక్టరుకు తగిలించలేక, జమ్మలమడుగు నల్లరేగడిలో నలుగురి ముందర నా పరువును ఎట్లా లోతుగా పూడ్చుకున్నానో చెప్తాను. నవ్వొస్తే ఆపుకోవద్దు. ఆ రోజు అక్కడ ఎవరూ ఆపుకోలేదు.

కొన్నేళ్ళ కిందటి మాట. ఎద్దుల్ని అమ్మేసి, సింహాద్రిపురం వైపు ఒకాయన వాడి వదిలేసిన చిన్న ట్రాక్టరు కొన్నాను. దాన్ని కొన్న రోజు నుంచి నా నడక మారిందని మా ఆవిడ అనేది. మారదా మరి? నిన్నటిదాకా ఎద్దు తోక పట్టుకున్నవాడు ఇయ్యాల స్టీరింగు పట్టుకుంటే మెడ కొంచెం నిలబడుతుంది. అయితే ట్రాక్టరు ఉంది గానీ దాని వెనక కట్టే సరంజామా ఒక్కటీ లేదు. మడక లేదు, గుంటక లేదు, విత్తే గొర్రు లేదు. వట్టి బండిని రోజూ ఊరంతా తిప్పుకొచ్చి, కడిగి, పసుపు కుంకం పెట్టి ఇంటి ముందర నిలిపేవాణ్ణి. పెండ్లికొడుకును తయారుచేసి అరుగు మీద కూర్చోబెట్టినట్టు.

అప్పుడు వాన వచ్చింది. చాలా రోజులు మొహం చాటేసిన వాన ఒక్కసారిగా విరుచుకుపడింది. మరునాడే మా అక్క ఓబులమ్మ ఫోను. ఆమెకు జమ్మలమడుగు పక్కన రేగడి చేను ఉంది. ఏటా పప్పుశనగ వేస్తుంది. బావ కూడా ఉన్నాడు గానీ ఆమె మాటకు ఎదురు చెప్పడు గనక ఈ కథలో ఆయనకు పనిలేదు.

"ఒరే చెన్నా, ఈడ వాన బాగా పడిందిరా. చేను రేపటికి పదునుకొస్తాది. బాడుగ ట్రాక్టరాయన పొద్దెక్కినాక వచ్చి విత్తుతానన్యాడు" అంది.

నేను ఎగిరిపడ్డాను. "బాడుగేందక్కా! తమ్ముడు ట్రాక్టరు పెట్టుకోని ఉంటే అక్క బాడుగ బండిని పిలుచుకుంటే జనం నా మొగాన ఉమ్మరా? వద్దని చెప్పు ఆయనకు!"

"నీకు గొర్రు యాడుందిరా అబ్బీ?"

"ఇప్పుడే ప్రొద్దుటూరికి పోతాండా. రేపు పొద్దున నీ చేన్లో నా కొత్త గొర్రు నిలబడి ఉంటాది సూడు. నువ్వు సంగటి కెలికి, కోడి పులుసు చేసి పెట్టు. అంతే నీ పని."

"పదును నీ కోసరం కూసోదురా. అది దాటిపోతే ఈ ఏడంతా మేం మట్టి బొక్కాల్సిందే."

"నా మాటంటే మాటే అక్కా!"

రేగడి సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట. వాన పడ్డాక ఆ నేల కొద్ది సమయమే విత్తనాన్ని ఒళ్ళోకి తీసుకుంటుంది. అదే పదును. ముందు పోతే కాళ్ళను పట్టుకొని వదలదు, ఆలస్యంగా పోతే పలకరించదు. అచ్చం మా అక్కలాంటి నేల.

ప్రొద్దుటూరు పొలిమేరలో సేద్యం సామాన్లమ్మే ఒక ఆవరణ ఉంది. దాని యజమాని బాషా అందరికీ తెలిసిన మాటకారి. నేను పోయి గొర్రుల వరస ముందర ఎద్దుల సంతలో నిలబడ్డట్టే నిలబడ్డాను. ఒకదాని మూపు తట్టాను. ఇంకొకదాని పండ్లు చూశాను. ఎర్ర రంగుది ఒకటి, బలంగా, విశాలంగా, కోడెలాగా నన్నే చూస్తోంది. "ఇదే నాది" అన్నాను.

"ట్రాక్టరు ఎంతది మామా?" అని అడిగాడు బాషా.

"నా భుజమంత ఎత్తుంటాది."

"ఎత్తు కాదు మామా, బలం!"

"బలానికేం, శానా ఉండాది."

బాషా తల గోక్కున్నాడు. "సరే, లింకు సైజన్నా చెప్పు. బండి ఎనక రెండు ఇనప చేతులుంటాయే, వాటి కొసన బెజ్జాలుంటాయి. గొర్రుకు ఇదో ఈ పిన్నులుంటాయి. పిన్ను బెజ్జంలో దూరాల. సన్న సైజొకటి, లావు సైజొకటి. చిన్న బండ్లకు సన్నది, పెద్ద బండ్లకు లావుది. నీదేది?"

"రొవ్వంత అటూ ఇటూ అయితే ఏమైతాది లే!"

"మామా, ఇది పెండ్లి సంబంధం కాదు సర్దుకుపోయేదానికి. ఇనుము!"

అప్పటికి నాకు చదువు రాదు. అక్షరాలు దిద్దింది ఆ తర్వాతే. పిన్నుల సైజులు చదవడానికే బడికి పోయినావని ఇప్పటికీ ఎగతాళి చేసేవాళ్ళున్నారు. కానీ చదువు రాకపోతేనేం, కొలత రాదా? మా తాతల కాలం నుంచి మడకైనా గొర్రైనా ఇంటాయన చేతి కొలతతోనే చేసేవాళ్ళు. ఆచారి ఇంటికొచ్చి "అప్పా, చెయ్యి చాపు" అని మన జానను పుల్లతో కొలుచుకొని పోయేవాడు. ఆ కొలతతో చేసిన గొర్రు ఎప్పుడన్నా తప్పిందా? తప్పలేదు. అందుకని సెల్లు తీసి ఇంటికి చేశాను. ఎత్తింది నా బామ్మర్ది సుబ్బరాయుడు. సింహాద్రిపురంలో బట్టలు కుట్టేవాడు, అక్కను చూడ్డానికి మా ఇంటికొచ్చి ఉన్నాడు. ట్రాక్టరు కూడా తోలతాడు. కుట్టుమిషను తొక్కేవానికి అదెంతసేపు?

"ఒరే సుబ్బా, ఏం చేస్తాండావు?"

"అక్క మిరపకాయ బజ్జీలేసింది బావా. తింటాండా."

"తినింది చాలు. పోయి ట్రాక్టరు ఎనక లింకు బెజ్జంలో నీ బొటనవేలు పెట్టు."

"ఎందుకు బావా, అట్ల పెడితే గానీ స్టార్టు కాదా?"

"పెట్టమంటే పెట్టురా!"

ఫోన్లో చెప్పుల చప్పుడు వినబడింది. తర్వాత "పెట్టినా" అన్నాడు.

"యట్లుండాది?"

"సల్లగుండాది బావా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! బిగువుగా ఉందా, వదులుగా ఉందా?"

"బిగువుగానే ఉంది. కొలిచి చేయించినట్టుంది. బావా..."

"ఏంది?"

"వేలు రావడంల్యా!"

"నూనె రాసుకో" అని ఫోను కట్టేశాను. నాకు కావలసిన సమాచారం వచ్చేసింది గదా. ఎర్ర గొర్రు దగ్గరికి పోయి దాని పిన్ను పక్కన నా బొటనవేలు ఆనించాను. ఆహా! కవలపిల్లల్లాగా సరిగ్గా సమానం.

"తెలిసింది బాషా! మా బండి బెజ్జం బొటనవేలు పట్టేంత. ఈ పిన్ను బొటనవేలంత. కట్టేయి ఆటోకి!"

బాషా నా వేలి వైపు అనుమానంగా చూశాడు. "బెజ్జంలో పెట్టిన వేలు ఎవురిది మామా?"

"మా బామ్మర్దిది."

"ఈ వేలు?"

"నాది."

"రెండూ ఒకటేనా?"

"ఏం మాట్లాడతాండావు బాషా, మేం చుట్టాలం!"

బాషా పగలబడి నవ్వాడు. నా చమత్కారానికి నవ్వాడనుకొని నేనూ గట్టిగా నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే, ఆ ఆవరణలో నవ్వుతున్న ఇద్దరిలో విషయం తెలిసి నవ్వుతున్నది ఒక్కడే.

మరునాడు పొద్దున సుబ్బడు ట్రాక్టరు తోలుకొని, నేను లగేజీ ఆటోలో గొర్రును వేసుకొని, ఇద్దరం అక్క చేను గట్టు దగ్గర కలుసుకున్నాం. చుట్టుపక్కల చేలవాళ్ళంతా వచ్చారు. రాకేం, రావాలనే నేను దారిపొడుగునా అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. గొర్రుకు పూలదండ, టెంకాయ, చక్రాల కింద నిమ్మకాయలు. అక్క హారతి ఇచ్చింది.

"రానీ... రానీ... ఇంకొంచెం... ఆపు!" అని అరుస్తూ నేను లింకు పట్టుకొని పిన్నుకు తగిలించబోయాను. టంగ్‌మంది. దూరలేదు. మళ్ళీ. టంగ్. కొత్త సామాను గదా, బిగువుగానే ఉంటుందని గ్రీజు పూశాను. ఆముదం పూశాను. సుత్తితో కొట్టాను. పిన్ను కొత్తపెండ్లికూతురు లాగా తల వంచుకొని ఉందే గానీ గడప దాటదు.

పక్క చేను ముసలాయన గట్టు మీద కూర్చొని బీడీ ముట్టించాడు. "ఏం చెన్నప్పా, సూదిలోకి మోకు ఎక్కిస్తాండావా?"

సుబ్బనికి తన విద్య గుర్తొచ్చింది. "సూది సంగతి నాకు తెల్సు బావా. దారం ఎక్కకపోతే కొసను రొంత ఎంగిలి చేసుకోవాల."

"అయితే ఆ పిన్నును నాకు!" అన్నాడు ముసలాయన. గట్టంతా గొల్లుమంది.

అక్క వంగి మట్టిపెళ్ళ తీసి పిడికిట్లో పిసికింది. ముద్ద నిలిచింది గానీ అంచుల్లో కొంచెం రాలింది. "ఒరే చెన్నా, ఎండ ఎక్కుతాంది. పదును పోతాంది" అంది నెమ్మదిగా. మా అక్క అరిస్తే నాకు భయం లేదు. నెమ్మదిగా మాట్లాడితేనే భయం.

అప్పుడు నాకు తట్టింది. "సుబ్బా, నీ వేలు చూపించు!"

చూపించాడు. పక్కన నా వేలు పెట్టాను. నాది గెణుసుగడ్డ. వాడిది మునక్కాడ. నాది నలభై ఏళ్ళు మడక మేడి పట్టుకొని ఊరిన వేలు. వాడిది జాకెట్లకు హుక్కులు కుట్టి కుట్టి అరిగిన వేలు. అయిదు వేళ్ళూ ఒకటిగా ఉండవని పెద్దలు ఒక చేతిని చూసే చెప్పారు. ఇద్దరి చేతులు చూసి ఉంటే ఇంకేం చెప్పేవాళ్ళో!

"ఇంత సన్న వేలని ఫోన్లో చెప్పొద్దా రా?" అని అరిచాను.

"నువ్వు వేలు పెట్టమంటివి, పెడితి. సన్నమా లావా అని అడిగితివా?"

ఇంక మాటలకు వేళ లేదు. గొర్రు పిన్నులు రెండూ నట్లు విప్పి సంచిలో వేసుకొని, ముసలాయన మోటారుసైకిలు లాక్కొని, సుబ్బణ్ణి వెనక ఎక్కించుకొని జమ్మలమడుగులో ఇనుము తరిగే లేతు షాపుకు ఎగిరాను. అవును, ఎగిరాను. దారిలో ఉన్న గుంతలన్నీ సుబ్బడే లెక్కపెట్టాడు, ఒక్కొక్క దానికి ఒక్కొక్క దేవుణ్ణి పిలుస్తూ.

లేతాయన పిన్నులు తిప్పి చూశాడు. "సన్నం చేయాలంటే చేస్తా. ఎంత సన్నం? కొలత యాడుంది?"

ఈసారి పొరపాటు జరగకూడదని నేను కొలతను వెంటే తెచ్చుకున్నాను గదా! సుబ్బణ్ణి ముందుకు తోశాను. "ఇదో, కొలత."

"మనిషి గదప్పా ఈయన!"

"మనిషంతా వద్దు. బొటనవేలు చాలు."

ఆయన నన్ను చూసి, సుబ్బణ్ణి చూసి, ఒక నిట్టూర్పు విడిచి, పీత కాళ్ళలాంటి కొలత సాధనం తెచ్చి వాడి వేలికి బిగించాడు. సుబ్బడు "అమ్మా" అన్నాడు. "కదలొద్దప్పా, కొలత తప్పుతాది" అన్నాడు ఆయన. ఇంక మిషను తిప్పడమే తరువాయి, కరెంటు పోయింది. నేను గండి ఆంజనేయస్వామికి ఆకుపూజ మొక్కుకున్నాను. రాలేదు. వడమాల కూడా కలిపాను. అప్పుడొచ్చింది. ఇనుప రజను మెరుపుల్లాగా రాలుతుంటే నాకు గుండెలో తిరునాళ్ళ డప్పులు మోగాయి. పూర్తయ్యేదాకా సుబ్బణ్ణి కదలనివ్వలేదు. ఎప్పుడు ఏ కొలత అవసరమవుతుందో ఏమో!

తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. గట్టు మీద ఎవరూ లేరు. విసుగొచ్చి పోయుంటారనుకున్నాను. పిన్నులు బిగించి, లింకులు తగిలించాను. నెయ్యిలో గరిటె దిగినట్టు దిగాయి! నేను ఎగిరి గంతేశాను. సుబ్బణ్ణి కావలించుకున్నాను. ట్రాక్టరెక్కి లిఫ్టు లాగితే గొర్రు పైకి లేచింది. దాని బరువుకు బండి ముందు చక్రాలు కూడా ఇంత లేచి మళ్ళీ కూర్చున్నాయి, ఊరేగింపు గుర్రం లాగా.

"బావా, ఓబులమ్మక్కను పిలిచి విత్తనాలు తెప్పిద్దామా?" అన్నాడు సుబ్బడు.

"ముందు ఒక సాలు ఉత్తదే తోలి చూద్దాంరా! ఆహా, చూడు, అక్క నేలను ఎంత చక్కగా చదును చేసి పెట్టుకుందో. గీతలు గీసినట్టుంది!"

హారను మోగించుకుంటూ చేన్లోకి దిగాను. గొర్రు దించాను. ఎర్ర కోడె తన పండ్లు నల్లమట్టిలో దించి పరుగు తీసింది. ఆ ఆనందం ఏమని చెప్పను! ఆ కొస నుంచి అక్క సంగటి తెడ్డు ఎత్తుకొని పరిగెత్తుకుంటూ వస్తోంది. తమ్ముడి ప్రతాపానికి పొంగిపోయి వస్తోందనుకొని నేను తువ్వాలు ఊపాను. ఆమె ఇంకా గట్టిగా అరిచింది. నేను ఇంకా వేగం పెంచాను.

"ఆపరా! ఆపరా నా కొడకా!"

ఆపాను. తెడ్డు నా మోకాలి మీద పడింది.

"విత్తిన చేన్లో గొర్రు తోలుతాండావేందిరా!"

"విత్తిందా? ఎవురు విత్తినారు?"

"బాడుగ ట్రాక్టరాయన. నువ్వు అట్ల పోయినావు, ఆయన ఇట్ల వచ్చినాడు. అంతా అయిపోయి, అందరికీ అన్నాలు పెడతాండా కొట్టం కాడ."

"ఆయనకు వద్దని చెప్పమంటి గదక్కా!"

"నువ్వు చెప్పమంటివి. నేను చెప్తేగా! పుట్టినప్పటి నుంచి చూస్తాండా నిన్ను."

ఆ మాటకు సుబ్బడు ట్రాక్టరు చక్రానికి ఆనుకొని నేలమీద కూలబడి నవ్వాడు. పాపం వాడికి ఆ సుఖం ఎంతోసేపు లేదు. పెళ్ళగించిన సాళ్ళ పొడుగునా మళ్ళీ విత్తనాలు పెట్టేదాకా కోడి పులుసు వాసన కూడా చూడకూడదని అక్క తీర్పు చెప్పింది. ఇద్దరం ఒళ్ళో శనగలు పోసుకొని, వంగి, చీకటి పడేదాకా పెట్టాం. ముసలాయన బీడీ మీద బీడీ ముట్టిస్తూ "వరస తప్పుతాంది చెన్నప్పా" అని దారి చూపిస్తూ ఉన్నాడు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, గండి ఆంజనేయస్వామి సాక్షిగా, మా ఇంటి ఇలవేల్పు సాక్షిగా ఒట్టేసి చెప్తున్నాను. నా ఒంట్లో ఊపిరి ఉన్నంతవరకు, "అక్కా, విత్తినావా?" అని అడగకుండా ఏ చేన్లోనూ గొర్రు దించను. అది నా సొంత చేనైనా సరే, ముందు అక్కకు ఫోను చేసి కనుక్కున్నాకే.