పులుసు అని చదివిన పులస

రాయడం నాకు కొత్త. ఐదో తరగతి దాకా చదివాను. మిరపకాయలు ఏరే రోజుల్లో ఆ బడికీ పోలేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి. పోయిన ఎండాకాలం భద్రాచలంలో నేను చదివిన ఒక తప్పు గురించే ఇదంతా.

మా ఆడబిడ్డది దుమ్ముగూడెం. నాకంటే పెద్దది, వదినా అని పిలుస్తాను. ఆమెకు కంటి ఆపరేషన్ అయింది. పది రోజులకు మళ్ళీ చూపించుకోవాలంటే తోడుగా బోనకల్ నుంచి నేను పోయాను. వదిన బడి మొహం చూడలేదు. దవాఖానాలో ఏ గదికి పోవాలో, ఏ చుక్కల మందు ఎప్పుడు వేసుకోవాలో నేనే చదివి చెప్పాను. నేను ఆగి ఆగి చదువుతుంటే, "అక్షరాలను బతిమిలాడి పలికిస్తున్నవేందే?" అని అందరి ముందు నవ్వింది. నాకు రోషం వచ్చింది. ఆ ఒక్కరోజు ఆమె ముందు ఒక్క మాట కూడా తప్పు చదవొద్దు అనుకున్నాను.

మధ్యాహ్నం హోటల్‌కు పోయాం. వడ్డించే ఆయన బల్ల తుడిస్తే బల్ల మీది నీళ్ళన్నీ నా ఒళ్ళో పడ్డాయి. రెండు గ్లాసుల్లో రెండు వేళ్ళు ముంచి నీళ్ళు తెచ్చాడు.

"జల్దీ చెప్పున్రి, ఏం గావాలె?"

గోడకు నల్ల బోర్డు ఉంది. సుద్దముక్కతో రాసిన పేర్లు చదివాను. "చికెన్, మటన్, చేప వేపుడు, పులుసు."

"ఏం పులుసే?" అంది వదిన.

"చేపలదే వదినా. వేపుడు కిందనే రాసిన్రు."

అన్నిటి పక్కన ధర ఉంది, పులుసు పక్కన లేదు. "దీని రేటెంతన్నా?" అని అడిగాను.

"సైజును బట్టి."

"ఏ సైజు?"

"తిన్నంక తెలుస్తది," అని వెళ్ళిపోయాడు. మళ్ళీ అడగడానికి సిగ్గేసింది. రెండు ప్లేట్లలో అన్నం, ఆ పులుసు తెచ్చి పెట్టాడు.

పెరుగు కోసం మూడుసార్లు పిలిస్తే, "నాకేమన్న నాలుగు చేతులున్నయా?" అన్నాడు.

"ఉన్న రెండిట్ల ఒకటి ఫోన్‌కే సరిపాయె," అంది వదిన, నల్లద్దాల్లోంచే చూసి.

బిల్లు వచ్చింది. రెండు వేల రెండు వందలు. సున్నాలు ఎక్కువ చదివానేమో అని మళ్ళీ చదివాను. అంతే ఉంది. నా దగ్గర ఎనిమిది వందలు, అందులోనే బస్సు కిరాయి. కౌంటర్ దగ్గరికి పోయి ఇదేందని అడిగాను.

"మీరు తిన్నది పులుసు కాదమ్మా, పులస," అన్నాడు హోటలాయన. "గోదారి పులసంటే గట్లనే ఉంటది రేటు."

బోర్డు వైపు చూశాను. నిజమే. 'ల'కూ 'స'కూ కొమ్ములు లేవు. ఆకలి మీద ఆ కొమ్ములు నేనే తగిలించుకున్నాను. వదిన మొహం చూడలేకపోయాను.

వదిన హోటలాయన వైపు తిరిగింది. "ఎండాకాలంల పులసేందయ్యా? అది వరద నీళ్ళకు సముద్రంల నుంచి ఎదురీదుకుంట వస్తది. ధవళేశ్వరం ఆనకట్ట కాడ్నే ఆగుతది. ఈడిదాంక ఎట్లొచ్చింది, బస్సెక్కొచ్చిందా?"

"మీకేం తెలుసమ్మా?"

"ముప్పై ఏండ్లు చేపలు కోసి అమ్మిన. పులసకు వెంట్రుకల్లెక్క ముండ్లుంటయ్. ఇది చూడు, పుల్ల లెక్కున్నది." వదిన పోయి తన ప్లేటులోంచి ముల్లు తీసుకొచ్చి కౌంటర్ మీద పెట్టింది. "ఇది బొచ్చె, చెరువుల చేప. నేను నోట్ల పెట్టంగనే ఎరిక."

పక్క బల్ల దగ్గరాయన తినడం ఆపి తన ప్లేటులో ముక్క తిరగేసి చూసుకున్నాడు.

"జర మెల్లగ మాట్లాడమ్మా," అన్నాడు హోటలాయన.

"మెల్లగనా, గట్టిగనా? అది కూడా బిల్లు సైజును బట్టే ఉంటది."

హోటలాయన మూడు వందలు తీసుకుని ఇక పొమ్మన్నాడు. నేను సంచి అందుకున్నాను. వదిన కదల్లేదు.

"ఆ బోర్డు మీద బొచ్చె అని రాయి. పక్కన రేటు కూడా రాయి."

పీడ వదిలితే చాలన్నట్టు ఆయన సుద్దముక్క తీసుకుని గబగబా రాశాడు. వదిన నన్ను ముందుకు తోసింది. "సరిగ్గ రాసిండా? చూడే మరదలా."

చూశాను. ఈసారి ఒక్కో అక్షరం దగ్గర ఆగాను. వదిన తొందర పెట్టలేదు.

"'చె' కింద ఒత్తు లేదు వదినా."

"విన్నవా?" అంది వదిన హోటలంతా వినపడేటట్టు. "మా మరదలు చదువుకున్నది. ఒత్తు పెట్టు."

ఆయన పెట్టాడు.