మా మేనత్త చెప్పిన గూబ పేరు

నా చిన్నప్పుడు చిత్తూరు పక్కన మా ఊళ్లో అందరికీ తెలిసిన గూబలు రెండే. ఒకటి పైడికంటె. గుప్పెడంత ఉంటుంది, పసుపుపచ్చ కళ్లు, ఒళ్లంతా తెల్లచుక్కలు. అది ఇంట్లో దూరితే పసుపునీళ్లు చల్లి ఊరుకునేవాళ్లు. రెండోది చావుపిట్ట. సున్నం పూసినట్టు తెల్లటి మొహం, నల్లటి కళ్లు. అది దూరిన ఇంటిని మూడు నెలలు పాడుపెట్టాల్సిందే. పొయ్యి ఆర్పి, తలుపుకు ముళ్లకంప అడ్డం పెట్టి వెళ్లిపోవాలి.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. మా అమ్మకు నెలలు నిండాయి. కార్తీకమాసపు ముసురు నాలుగు రోజులుగా వదలడం లేదు. దీపాలు పెట్టే వేళకు పిట్ట ఒకటి ఎగిరొచ్చి, శనక్కాయల మూటలున్న మా అటక మీదికి దూరింది. రెక్కల చప్పుడే లేదు. నాయనను కన్న మా అవ్వ దాని నీడ మాత్రం చూసి గుండెలు బాదుకుంది.

"తెల్లమొగందైతే ఈ పొద్దే ఇల్లు ఇడిసిపెట్టాల. బండి కట్టు నాయనా" అంది మా నాయనతో. వెళ్లడానికి మాకున్నది చేలోని పశువుల కొట్టం ఒక్కటే, అదీ కారుతుంది. మా నాయన అవ్వ గీసిన గీత దాటే మనిషి కాదు. ఎద్దుల దగ్గరికి నడిచాడు. అమ్మ గోడకానుకుని మా అందరి మొహాలూ చూస్తూ ఉండిపోయింది.

నాయనకు అక్క, మా మేనత్త మాతోనే ఉండేది. "ముందు ఏ పిట్టో సూడనీండి" అని ఆమె నిచ్చెనెక్కింది. లాంతరు పట్టుకుని వెనకాలే నేనూ ఎక్కాను. మూటల వెనక నుంచి తెల్లటి మొహం మా వైపు తిరిగింది. నల్లటి కళ్లు. బుస్సుమంది. నేను అరవబోయాను. అత్త నా మణికట్టు గట్టిగా పట్టుకుని కిందికి కేకేసింది: "పైడికంటె రా! గుప్పెడంత ఉండాది. ఎద్దుల్ని ఇప్పెయ్."

అది అబద్ధమని అత్త కాక ఇంట్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. పొద్దుగూకితే చాలు, అటక మీద ఆ బుస. మూడోనాడు తెల్లవారగానే అమ్మకు నొప్పులు మొదలయ్యాయి, సాయంత్రమైనా కాన్పు కాలేదు. అమ్మ పోతే నోరు మూసుకున్న నేనే చంపినట్టు అనుకుంటూ గడపలో కూర్చున్నాను. అంత భయం మళ్లీ ఎప్పుడూ పడలేదు. చీకటి పడే వేళకు లోపల పసిబిడ్డ ఏడుపు వినిపించింది. తమ్ముడు పుట్టాడు. అమ్మ బతికింది.

నా పెళ్లయ్యాక గానీ అత్తను అడిగే ధైర్యం రాలేదు.

"దాని మొగం నువ్వూ సూసినావు గదత్తా?"

"సూసినా. నాకూ నెలలు నిండినప్పుడు ఆ పిట్టే వచ్చిండె. మా అత్తోళ్లు నన్ను వానలో కొట్టానికి తోలినారు. బిడ్డ ఆడనే పోయింది. పిట్ట సంపలేదు మే."

ఇప్పుడు తిరుపతిలో మా వీధివాళ్లు నీళ్ల ట్యాంకు మీదో కిటికీ రేకు మీదో వాలిన పిట్టను ఫోన్‌లో ఫొటో తీసి తెస్తారు. "ఇది ఏ గూబ అవ్వా?" అంటారు. నాకు ఒక్క చూపు చాలు. కానీ పేరు చెప్పేముందు, మీ ఇంట్లో ఎవరెవరున్నారని అడుగుతాను.