దొడ్డప్ప పరవాలేదు

కెలమంగలం దగ్గర మెట్టచేను చేసుకునే దొడ్డప్ప నోట ఎప్పుడూ ఒకే మాట: పరవాలేదు. ఏనుగులు రాగిచేను తొక్కిపోయినా అదే, పట్టుపురుగులు గూడు కట్టకముందే చచ్చినా అదే. ‘పరవా’ పారశీకం మాట, చింత అని అర్థం. ఏ గుర్రపుదండు వెంట దక్కనుకు దిగిందో గాని, ఈ వైపు వచ్చి ‘లేదు’ను తగిలించుకుని స్థిరపడిపోయింది.

సరే, అసలు సంగతికి వస్తాను. గుండెనొప్పి అని అతన్ని హోసూరు ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చారని మా జిల్లాలోని పోచంపల్లి సంతలో విని, కొనాల్సింది కొనకుండానే బస్సెక్కాను. నేను చేరేసరికి దొడ్డప్ప మంచం మీంచి ఒక కాలు దించి చెప్పుల కోసం తడుముతున్నాడు. భార్య మంజులమ్మ భుజం పట్టి ఆపుతోంది.

ఖర్చులు తగ్గించడానికి కొత్తగా వచ్చిన మేనేజరు రక్షిత్ డాక్టరు వెనకే తిరుగుతున్నాడు. మొదటి ఈసీజీ బాగుండి, నొప్పి లేదన్నవాళ్లకు రెండోది తీయరు, మంచం ఖాళీ చేయాలి. అది అతని పద్ధతి. దొడ్డప్ప మొదటి ఈసీజీ బాగానే వచ్చింది; చెప్పులు వెతుక్కుంటున్న అతనిదీ అదే పద్ధతి.

"నొప్పి ఎట్లుండాదప్పా?" అన్నాడు డాక్టరు.

"పరవాలేదు సార్."

"డిశ్చార్జ్ పెడదాం సార్," అంటూ రక్షిత్ అప్పుడే డాక్టరును పక్క మంచం వైపు నడిపించాడు.

మంజులమ్మ అడ్డం నిలబడింది. "ఆ మాట నమ్మి పోతారా సార్? పెండ్లిచూపుల్లో నన్ను చూసి గూడా ఈయప్ప పరవాలేదనే అన్నాడు! నేను బాగుండానో లేదో ఇన్నేండ్లయినా నాకు తెలీలా!"

వార్డంతా నవ్వింది. డాక్టరు కూడా నవ్వి, వెనక్కి వచ్చాడు. దొడ్డప్ప మాత్రం నవ్వబోయి రొమ్ము పట్టుకున్నాడు.

"నిజం చెప్పప్పా," అన్నాడు డాక్టరు.

"ఇంకో టెస్టంటే మళ్లా దుడ్డు..."

"దుడ్డు సంగతి నేను చూసుకొంటా," అంది మంజులమ్మ. "ఆ మాట ఇడ్సిపెట్టి ఇంకో మాట చెప్పు."

దించిన కాలు ఊగుతూనే ఉంది. బయట ఏదో బస్సు హారను కొట్టింది.

"నొస్తా ఉండాది," అన్నాడు చివరికి, తప్పు చేసినవాడిలా. "రాత్రి నించీ."

రెండో ఈసీజీ కాగితం చూడగానే డాక్టరు ముఖంలో నవ్వు పోయింది. స్ట్రెచర్ తెమ్మని కేక వేశాడు. రక్షితే ముందు పరుగెత్తాడు.

తోసుకుపోతుంటే దొడ్డప్ప తల తిప్పి భార్యను వెతుక్కున్నాడు.

"ఆ పొద్దు బాగుండావు మే."

"ఇప్పుడా చెప్పేది!" అంటూ మంజులమ్మ స్ట్రెచర్ వెంట పరుగు తీసింది, ఒక చేత్తో అతని చెప్పులు పట్టుకుని.