రానోళ్ళ చీటీ

మా డాక్టరుగారు పోయారని మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిందట. ఐరాల ఊళ్ళో ఆయన క్లినిక్‌లో పదిహేనేళ్ళుగా నర్సును నేను. నిజం చెప్తున్నాను, ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఒక్క మాట చెప్పకుండా అట్లా వెళ్ళిపోతారా ఎవరైనా?

జ్వరాలు, సుగర్లు చూసే మామూలు డాక్టరే ఆయన. కానీ నిద్రపట్టనివాళ్ళు, ఊరికే ఏడుపొచ్చేవాళ్ళు, గుండె దడదడలాడేవాళ్ళు కూడా ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. "తిరుపతిలో మనసు డాక్టరు దగ్గిరికి పొమ్మంటే సగం మంది పోరమ్మా. పిచ్చోళ్ళంటారని బయం. ముందు మనమే సూడాల" అనేవారు. తనకు తెలియనిది ఆ తిరుపతి డాక్టరుకే ఫోన్ చేసి, చిన్నపిల్లాడిలా అడిగి రాసుకునేవారు.

గురువారం మధ్యాహ్నం నలుగురం కూర్చునేవాళ్ళం. ఆయన, నేను, పక్కనున్న మందుల షాపు అన్న, ఇల్లిల్లూ తిరిగి ఆరోగ్యం కనుక్కునే ఆశా వర్కరు అక్క. రావాల్సి ఉండీ రానివాళ్ళ పేర్లు ఒక చీటీ మీద రాసి, ఒక్కో పేరు పక్కన ఎవరు వెళ్ళి పలకరించాలో రాసేవారు. "వచ్చేవాళ్ళని ఎవురైనా సూస్తారు. రానోళ్ళే మన పని" అనేవారు.

ఒకసారి మామిడితోటలో కూలికి పోయే ఆమె తలనొప్పంటూ నాలుగోసారి వచ్చింది. నాకసలే నోటిదురుసు. "రిపోర్టులన్నీ బాగుండాయి, నీకేమీ లేదు పోమ్మా" అని పంపించేశాను. డాక్టరుగారు మళ్ళీ రమ్మన్న రోజుకు ఆమె రాలేదు. గురువారం ఆ పేరు దగ్గర డాక్టరుగారు ఆగారు.

"ఏమీ లేకపోతే కూలి మానుకోని నాలుగుసార్లు ఎందుకొస్తాదమ్మా? నువ్వే పో."

సిగ్గుతో చచ్చిపోయాను. రెండుసార్లు వెళితే తలుపు తీయలేదు. మూడోసారి తీసి, "బతకబుద్ది కాలేదక్కా" అంది. ఇక నలుగురం ఆమెను వదల్లేదు. డాక్టరుగారు మందులు మొదలుపెట్టారు, అన్న మాత్రలు అయిపోకముందే గుర్తుచేసేవాడు, అక్క దారిలో పలకరించేది, నేను నోరు మూసుకుని వినడం నేర్చుకున్నాను. ఏడాదికి ఆమె మనిషయింది.

డాక్టరుగారు పోయాక రెండు వారాలు నేను పనికి పోలేదు. ఆ కుర్చీలో ఆయన శిష్యురాలు, చిన్న డాక్టరమ్మ, కూర్చుంటే చూడలేననిపించింది. ఇంకెవరి కోసం పోవాలి అనుకుంటూ పడుకున్నాను. మూడో గురువారం తలుపు చప్పుడైంది. అన్న, అక్క, వాళ్ళతో ఆ తోట కూలామె.

"ఏమక్కా, యాడా కనపడవే?" అందామె.

"నాకేమైంది, ఏమీ లేదు" అన్నాను.

"ఆ మాట నాకాడ సెప్పొద్దు. లెయ్, సెప్పులేసుకో."

అక్క చేతిలో చీటీ ఉంది. చిన్న డాక్టరమ్మ రాత. రానివాళ్ళలో మొదటి పేరు నాది. దాని పక్కన, ఎవరు వెళ్ళాలో రాసే చోట, 'అందరూ' అని ఉంది.