శశిభూషణ్ గారి దిద్దుబాట్లు

దానవాయిపేటలో బట్టల కొట్టు పై అంతస్తులో ఉన్న ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీకి యజమాని గంగరాజు గారని బోర్డు చెబుతుంది. బోర్డు అబద్ధం. జంగారెడ్డిగూడెం పామాయిల్ ఫ్యాక్టరీల్లో లారీలు తూచడానికి ఆ కంపెనీ రాసిచ్చిన కాటా ప్రోగ్రాం ఎక్కడ, ఎందుకు మొరాయిస్తుందో తెలిసినవాడు ఒక్క శశిభూషణ్. ఆ తెలివిని కాగితానికి గానీ కంప్యూటరుకు గానీ అంటనివ్వని మడి ఆయనది. తాను సెలవు పెడితే కాటా మీద లారీ కదలదని ఏళ్ల తరబడి సణగడమే ఆయన వైభవం.

ఆయనకు తెలిసిందంతా అందరికీ అందేలా కంప్యూటర్లో పేజీలుగా రాసిపెట్టమని గంగరాజు గారు హైమను ఉద్యోగంలోకి తీసుకున్నారు.

"ఏంటండీ హైమగారూ, నా బుర్ర పీకి ఫోల్డర్లో పెడతారా? చోటు చాలుద్దో లేదో చూసుకోండి" అన్నాడు శశిభూషణ్.

"చాలుద్దండి. ఖాళీలు తీసేసి పెడతాను" అంది హైమ.

ఆ రోజుతో మాటలు బంద్. ఆమె ఏది అడగబోయినా ఆయన టీకి కిందికి దిగిపోయేవాడు. చేసేది లేక హైమ తనకు తోచింది రాసింది: తూకం ఆగిపోతే కంప్యూటర్ ఆపి మళ్లీ వెయ్యాలి అని. అది చదివిన శశిభూషణ్‌కు ఆ పూట అన్నం సయించలేదు. పేజీ కిందే రాశాడు: "ఆపండి తల్లీ. పొద్దుట్నించీ తూచినదంతా గోదాట్లో కలుస్తుంది. ముందు కాటా కేబుల్ పీకి పెట్టాలని మా వీధి మేకకి కూడా తెలుసు."

హైమ నొచ్చుకోలేదు. తిట్టును అక్కడే ఉంచి, కొత్త పేజీ తెరిచి ఈసారి కావాలనే తప్పు రాసింది. తర్వాత ఇంకొకటి. నోరు కట్టేసుకోగల మహర్షులు ఉండవచ్చు గానీ, పక్కవాడి తప్పును వెటకారం చెయ్యకుండా వదిలేసే నిగ్రహం గోదావరి జిల్లాల్లో ఇంకా ఎవరికీ సిద్ధించలేదు. వేసవి దాటేసరికి శశిభూషణ్ బుర్ర, వెటకారంతో సహా, పేజీల్లోకి దిగిపోయింది.

సంగతి ఆలస్యంగా గ్రహించి, తన విలువ తెలిసిరావాలని ఆయన వారం సెలవు అడిగాడు. గంగరాజు గారు తల ఎత్తకుండానే సరేనన్నారు. నరసాపురంలో అత్తవారింట ఫోన్ చేతపట్టుకు కూర్చున్నాడు. అది మోగలేదు. చివరికి తనే చేశాడు.

"కాటా రెండుసార్లు ఆగిందండి" అంది హైమ. "కొత్తగా చేరిన పావని మీ తిట్లు చదివి బాగుచేసేసింది. మేకని తలుచుకుంటే కేబుల్ గుర్తొస్తుందంట."

"మరి నేనెప్పుడు రావాలంట?"

"తొందరేం లేదండి. ఇంకో వారం ఉంటారేమో కనుక్కోమన్నారు గంగరాజు గారు."

ఆ సాయంత్రం ఫోన్‌లో పేజీలు తెరిచాడు. హైమ కొత్తది పెట్టింది, నిండా తప్పులే. దిద్దనని ఒట్టేసుకుని, ఫోన్ బోర్లించి భోజనానికి కూర్చున్నాడు. పప్పులో నెయ్యి పడేలోపే ఎడమచెయ్యి ఫోన్‌ను తిప్పింది.